కార్తిక దీపతైలం

లింగంపల్లి,
12-11-1972.

చిరంజీవి సౌభాగ్యవతి పుణ్యవతికి అన్న రామబ్రహ్మం మనసారా దీవించి వ్రాసినది.

ఇక్కడ అందరమూ క్షేమం. మీ వీధి శ్రీనివాసరావు సెలవు ముగించుకొని కర్మాగారానికి తిరిగి వస్తూ, నీవు పంపిన నూనె డబ్బా ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి ఇచ్చాడు. వెంట ఉత్తరమేదీ లేదు. లేకపోతేనేమి? కార్తికం ప్రవేశించిన వారంలో గానుగ నువ్వులనూనె పంపిన చెల్లెలి మనసు తెలుసుకోవడానికి ఉత్తరం కావాలా? ఆ సాయంకాలమే నీ కూతురి సుఖప్రసవం కోసం సంకల్పం చెప్పుకొని అఖండదీపం వెలిగించాను. పురుడు వచ్చేవరకు ఆ దీపం కొండెక్కకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ ఊళ్ళో అంత శుద్ధమైన తైలం దొరకదు. నీవు సమయానికి పంపావు.

నాగేశ్వరికి ఆరో నెల నడుస్తున్నది. మేనకోడలే కోడలై వచ్చింది కనుక నేను చెప్పినట్లు నడుచుకుంటుంది. చారూ అన్నమూ, పెసరకట్టూ, పలుచని మజ్జిగా, అంతే. నూనె, నువ్వులు, వేరుసెనగలు వేడి వస్తువులు. దగ్గరకు రానీయడం లేదు. బిడ్డ కడుపులో మితంగా ఉంటే తల్లి సులువుగా బయటపడుతుందని పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఇక్కడి కాలనీ దవాఖానాలో రాజరాజేశ్వరి అనే డాక్టరమ్మ ఉన్నది. నన్ను పిలిపించి, "పంతులుగారూ, నూనెల్లో కొన్ని కొవ్వు ఆమ్లాలు ఉంటాయండి. మన ఒంట్లో అవి తయారు కావు, తిండిలోంచే రావాలి. తల్లి తింటేనే బిడ్డకు అందుతాయి" అన్నది. "అమ్మా, ఆమ్లమంటే పులుపు కదా. మా ఇంటి నూనె ఇంకా పులియలేదు" అన్నాను. ఆమె నవ్వలేదు. ఈ కాలపు చదువులకు హాస్యరసం కూడా కొరతే.

గోపన్‌పల్లి నుంచి పెరుగు తెచ్చే నీలమ్మ అంతకంటె ఘనురాలు. గుమ్మంలోంచి దీపం వైపు తొంగి చూసి, "ఏంది పంతులూ, దీపానికి గిన్ని నూనెలు తాపుతున్నవ్, కోడలికి జర పొయ్యరాదు? నా మాటిను, రోజు ఇంత ఈతకల్లు తాపు. పిల్లగాడు దుక్కలెక్క అయితడు" అన్నది. అప్పటినుంచి పెరుగు గడప బయటనే పోయించుకుంటున్నాను.

ఏడో నెల రాగానే అమ్మాయిని పుట్టింటికి పంపుతాను. బావగారికి నా నమస్కారాలు.

నీ మేలు కోరే
రామబ్రహ్మం


పాలకొల్లు,
25-11-1972.

అన్నయ్యగారి పాదాలకు పుణ్యవతి నమస్కరించి వ్రాస్తున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై ఒళ్ళు మండింది.

అన్నయ్యా, ఆ నూనె దీపానికి కాదు. నా కూతురికి.

డబ్బా పంపిన రోజే ఉత్తరం టపాలో వేశాను. ఇక్కడ ప్రత్యేకాంధ్ర గొడవలతో టపా ఎప్పుడు కదులుతుందో ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియడం లేదు. అది మీకు అందలేదన్నమాట. అందులో అంతా వ్రాశాను. బిడ్డ నెలలకు తగినట్టు ఎదగడం లేదని డాక్టరమ్మ చెప్పిందని, నూనె, వేరుసెనగపప్పు, అవిసెగింజల పొడి, గంగపాయల కూర తినమన్నదని నాగేశ్వరి నాకు వ్రాసింది. "మామయ్యతో చెప్పే ధైర్యం నాకు లేదమ్మా, ఆయన కొడుకుకు అసలే లేదు" అని కూడా వ్రాసింది. అందుకని నువ్వులు ఎండబెట్టి, చెరిగి, గానుగ దగ్గర నేనే నిలబడి ఆడించాను. మొదట దిగిన నూనె చిన్న గిన్నెలోకి పట్టి, వేడి అన్నంలో కలుపుకొని తిని చూసి మరీ పంపాను.

దాన్ని మీరు ప్రమిదలో పోశారు! ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల చారునీళ్ళు తాగుతుంటే దాని ఎదుటే, దాని నూనె, దాని పేరు చెప్పి!

కార్తికమాసంలో నూనె పంపితే దీపానికేనా? కార్తికమాసంలో మనుషులు తినరా? డబ్బా తెరవగానే ఇది తినే వస్తువని తోచకుండా, వెలిగించే వస్తువని తోచే ఇల్లు మీదొక్కటే ఉంటుంది.

ఇది అందిన పూటనుంచి ఆ దీపం సంగతి కట్టిపెట్టి, మిగిలిన నూనె అమ్మాయికి పొయ్యండి. చెల్లెలిగా కాదు, కన్నతల్లిగా చెబుతున్నాను.

పుణ్యవతి


లింగంపల్లి,
9-12-1972.

పుణ్యవతికి రామబ్రహ్మం వ్రాయునది.

ఆశీస్సు వ్రాయలేదని నొచ్చుకోవద్దు. కోపంలో ఇచ్చిన ఆశీస్సు ఫలించదు.

దీపం కట్టిపెట్టమన్నావు. అఖండదీపమంటే ఏమనుకున్నావు? వాకిట్లో వేలాడదీసిన లాంతరా, పని కాగానే ఆర్పడానికి? సంకల్పించి వెలిగించిన దీపాన్ని నడుమ ఆర్పితే, ఎవరి క్షేమం కోరి వెలిగించామో ఆ ప్రాణానికే ముప్పు. మన తండ్రి ముందు కూర్చొని చదువుకున్నవాడిని. ఏది ఎక్కడ పొయ్యాలో నా చేత నేర్పించుకోవలసినదానవు, నాకు నేర్పుతున్నావు.

నీ కూతురు నాకు చెప్పకుండా నీకు ఉత్తరాలు వ్రాస్తున్నది. మాటలు రాని వయసులో నా భుజం మీద నిద్రపోయిన పిల్ల. దానికి నాతో మాట్లాడే ధైర్యం లేదా? నేనేమి పులినా? అడిగాను. తల వంచుకొని, "లేదు మామయ్యా, మీరు చెప్పినట్టే తింటాను" అన్నది. విన్నావా?

ఆ డాక్టరమ్మ చెప్పే గంగపాయల కూర ఇక్కడ మురుగుకాలువ గట్టున మొలుస్తుంది. ఇక్కడివాళ్ళు గంగవాయిలి అంటారు. దాన్ని నా వంటింట్లోకి తెమ్మంటావా?

ఇంతకాలం మనసులో దాచుకున్న మాట ఒకటి ఉన్నది. ఇప్పుడిక చెప్పక తప్పదు. విశాలాక్షి రెండో కానుపుకు సిద్ధంగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఉన్నదెవరు? నువ్వు. చాటుగా చిమ్మిలి ఉండలు చేసిపెట్టిందెవరు? నువ్వు. నేను కాశీలో సభలు ముగించుకొని వచ్చేసరికి నా ఇల్లాలు లేదు, బిడ్డ లేదు. "వదినకు పుణ్యవతి నువ్వులు మేపింది. బిడ్డ బలిసి అడ్డం తిరిగింది" అని అమ్మ గుమ్మంలోనే చెప్పింది. ఆనాటినుంచి ఈనాటివరకు నిన్ను ఒక్క మాట అనలేదు. పైగా నీ పిల్లనే నా కొడుక్కు చేసుకున్నాను. నువ్వుల నూనెతో ఒక ఇల్లాలిని పోగొట్టుకున్నవాణ్ణి. అదే నూనె కోడలికి కూడా పొయ్యమంటున్నావు!

దీపం వెలుగుతూనే ఉంటుంది. నాగేశ్వరి పథ్యం సాగుతూనే ఉంటుంది.

రామబ్రహ్మం


పాలకొల్లు,
26-12-1972.

అన్నయ్యగారికి,

రైళ్ళు ఆగిపోయాయి. నాగేశ్వరిని తెచ్చుకోవడానికి వాళ్ళ నాన్న స్టేషనుకు వెళ్ళి, పట్టాల మీద కూర్చున్న కుర్రవాళ్ళను చూసి తిరిగి వచ్చారు. నా కూతురి మొదటి పురుడు నా ఇంట్లో జరిగే యోగం లేదని తేలిపోయింది. పిల్ల అక్కడ మీ చేతుల్లో, నేను ఇక్కడ ఈ కాగితం ముందు. ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు. అయినా టపాలోనే వేస్తున్నాను, వేరే దారి లేదు.

వదిన మాట ఎత్తారు. సరే, మాట్లాడుకుందాం.

చిమ్మిలి ఉండలు నేను చేసిన మాట నిజం. వదిన వాటిని నోట పెట్టుకోలేదు. అమ్మ చూసి, పళ్ళెంతో సహా తీసుకెళ్ళి ఆవు ముందు పెట్టింది. ఆ తర్వాత వదినకు చారూ అన్నమే. సరిగ్గా మీరు నా కూతురికి పెడుతున్నదే. "బిడ్డ చిన్నగా ఉండాలే, సులువుగా బయటపడాలే" అని అమ్మ అనేది. బిడ్డ చిన్నగానే ఉన్నాడు అన్నయ్యా. అడ్డమూ తిరగలేదు, నిలువుగానే వచ్చాడు. నేను పట్టుకున్నాను. నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయాడు. ఏడవడానికి కూడా వాడి ఒంట్లో సత్తువ లేదు. వదినకు నెత్తురు ఆగలేదు. ఆగడానికి ఆమెలో మాత్రం ఏం మిగిలింది?

పదో రోజున ఈ మాట మీకు చెప్పాను. మీరు చాప మీద కూర్చొని ఏదో వల్లిస్తున్నారు. వల్లించడం ఆపకుండా చెయ్యి ఊపి నన్ను పొమ్మన్నారు. అమ్మ చెప్పిన మాట మీకు నచ్చింది. అందులో తప్పు నాది. నా మాటలో తప్పు మన ఇంటిది.

మీరు పాఠాలు చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నదాన్ని. నాకూ రెండు ముక్కలు వచ్చు. దేహమే దేవాలయమని పిల్లలకు మీరే చెప్పేవారు. అయితే వినండి. ఆ ఇంట్లో ప్రమిద నా కూతురు. వత్తి ఆ కడుపులో బిడ్డ. నూనె ఎక్కడ పొయ్యాలో తెలియని పండితులు మీరు. మట్టి ప్రమిద నింపి, మనిషి ప్రమిదను ఎండగడుతున్నారు.

డబ్బాలో ఇంకా మిగిలి ఉంటే పిల్లకు పొయ్యండి. మిగలకపోతే మిగలలేదని వ్రాయండి, నడిచైనా వస్తాను.

పుణ్యవతి


లింగంపల్లి,
30-1-1973.

పుణ్యవతికి,

నీవద్దనుంచి ఉత్తరం లేక రెండు నెలలు కావస్తున్నది. అలిగావని తెలుసు. అలిగినా శుభవార్త చెప్పడం నా విధి. రాకపోకలు కొంచెం సాగుతున్నాయని విని శ్రీనివాసరావు ఇంటికి బయలుదేరాడు. ఇది అతని చేతికే ఇస్తున్నాను.

మొన్న ఉదయం నాగేశ్వరి ఆడపిల్లను కన్నది. నెలలు పూర్తిగా నిండలేదు. తల్లి క్షేమం. పిల్ల చిన్నది. నీ అల్లుడు భీమేశ్వరరావు డ్యూటీలో ఉన్నాడు. దవాఖానాకు రిక్షా మాట్లాడి తీసుకెళ్ళింది నేనే.

కానుపు సులువుగానే జరిగింది. పథ్యం ఫలించిందా లేదా? దీపం కాపాడిందా లేదా? నీవు నన్ను అన్న మాటలు ఒకసారి తలచుకో. ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు.

డాక్టరమ్మ మాత్రం పిల్లను దూదిలో చుట్టి నాకు చూపించి, "ఇది సులువు కాదు పంతులుగారూ, ఇది లేమి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఎండగట్టారు. ఇప్పుడైనా తల్లికి నూనె, పప్పులు, ఆకుకూరలు పెట్టకపోతే పాలలో సారం ఉండదు. పిల్ల బరువు పెరగదు" అన్నది. అందరూ వింటుండగా! బాలింతకు నూనె తగిలితే పిల్లకు వాంతులవుతాయని మన అమ్మ చెప్పేది. పురిటి పథ్యం నా ఇంటి పద్ధతిలోనే జరుగుతుంది. కారప్పొడీ అన్నమూ సాగిస్తున్నాను.

పిల్ల పాలు తాగి వెంటనే నిద్రపోతున్నది. ఏడవడం తక్కువ. బుద్ధిమంతురాలు.

పురుడు వచ్చినా, పిల్ల ఇంకా చిన్నది కనుక దీపాన్ని బారసాల వరకు పొడిగించాను. డబ్బా అడుగున కొంచెం నూనె ఉన్నది. సరిపోతుంది.

రామబ్రహ్మం


పాలకొల్లు,
8-2-1973.

అన్నయ్యా,

శ్రీనివాసరావు ఎదురుగా కూర్చున్నాడు. మళ్ళీ బయలుదేరుతున్నాడు. అందుకే పొట్టిగా వ్రాస్తున్నాను.

వదిన సంగతి అంతా వ్రాశాను. అది చదివి కూడా నువ్వు దీపం పొడిగించావు! చదివి కూడా నా కూతురికి కారప్పొడి పెడుతున్నావు! నీకు చదవడం వచ్చునని ఊరంతా చెబుతారు.

పిల్ల ఏడవడం తక్కువని మురిసిపోతున్నావు. వదిన బిడ్డా ఏడవలేదు. అది బుద్ధి కాదు అన్నయ్యా, అది ఓపిక లేకపోవడం. ఆ మౌనం నేను ఒకసారి విన్నాను. మళ్ళీ వినను.

డబ్బా అడుగున నూనె ఉన్నదన్నావు. ఆ చివరి నూనె కూడా దీపంలో పోశావని తెలిస్తే, నాకు అన్న ఉన్నాడని ఎవరితోనూ అనను. నీ అఖండదీపం మీద ఒట్టు.

రైలు దొరికిన రోజు వస్తాను. నీ ఇంటికి కాదు, నా కూతురి దగ్గరికి.

పుణ్యవతి


లింగంపల్లి,
25-2-1973.

చిరంజీవి సౌభాగ్యవతి పుణ్యవతికి రామబ్రహ్మం ఆశీస్సులు. ఈసారి నిజంగానే.

నీ రెండు ఉత్తరాలూ పదిరోజుల క్రితం ఒకే రోజున అందాయి. డిసెంబరులో టపాలో వేసినది ఎక్కడెక్కడో తిరిగి, మూలలు నలిగి ఉదయం వచ్చింది. రెండోది శ్రీనివాసరావు సాయంత్రం తెచ్చాడు. కనుక నేను చదివి కూడా దీపం పొడిగించలేదు. చదవక పొడిగించాను. దానివలన నా తప్పు తగ్గదని నాకు తెలుసు. నా మీద పడిన నిందలలో ఒకటి మాత్రం తీసివెయ్యి, తక్కినవి ఉండనీ.

నన్ను 'నువ్వు' అన్నావు. చిన్నప్పుడు జామచెట్టు మీదనుంచి నేను పడినప్పుడు, "నువ్వు చచ్చావనుకున్నాను" అని ఏడ్చావు. ఆ తర్వాత ఇదే వినడం.

నీ మొదటి ఉత్తరం చదివి నీ మీద వచ్చిన కోపం ఇంతంత కాదు. అమ్మ లేదు, ఆమెను అడిగే వీలు లేదు. విశాలాక్షి లేదు. ఇన్నేళ్ళు పట్టుకొని వేలాడిన మాటను ఒక్క కాగితంతో నా చేతిలోంచి లాగేశావు. మరి నేను దేన్ని పట్టుకోవాలి? కాగితం చింపబోయాను. ఆ సమయంలో లోపలి గదిలోంచి పిల్ల ఏడవాలి. పాల వేళ అయింది. ఏడవలేదు.

ఏడవలేదు పుణ్యవతీ. చేతిలో నీ కాగితం, చెవిలో ఆ నిశ్శబ్దం. లేచి వెళ్ళి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నది. నా వైపు చూస్తున్నదో లేదో కూడా చెప్పలేను. రెండు అరచేతుల్లోకి తీసుకున్నాను. ఇమిడిపోయింది.

దేవుడి ముందుకు వచ్చి, పళ్ళెంలోని గన్నేరుపువ్వు తీసి వత్తి మీద ఆనించాను. దీపం కొండెక్కింది. కార్తికంలో వెలిగించినది, నేను ఏ శాస్త్రం చెప్పి ఆర్పానో అడగవద్దు. ఏ శాస్త్రమూ చెప్పలేదు. డబ్బా ఎత్తి చూస్తే అడుగున నూనె ఉన్నది.

వేడి అన్నం పెట్టి, కందిపొడి వేసి, ఆ నూనె పోసి, నా చేత్తోనే కలిపాను. మడి మాట నాకు గుర్తు రాలేదు. నాగేశ్వరి మంచం మీదనుంచి లేవబోయింది.

"మామయ్యా, దీపం ఏదీ? గదిలో వెలుగు లేదు."

"కొండెక్కింది."

"అయ్యో! ఎవరు..."

"నేనే. నోరు తెరువు."

"పథ్యం కదా మామయ్యా..."

"నోరు తెరవమన్నాను!"

అరిచాననుకుంటాను. భీమేశ్వరరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాణ్ణి చూసి, "నీకేం, నిలబడు! నీ తల్లి ఆకలితో పోయిందట, తెలుసా నీకు?" అన్నాను. నాగేశ్వరి నోరు తెరిచింది. అన్నప్రాశన నాడు నేను పెట్టిన ముద్ద తిన్నట్లే తిన్నది. రెండో ముద్దకు ఏడ్చింది. మూడో ముద్దకు ఊరగాయ అడిగింది.

మర్నాడు నీలమ్మ వచ్చినప్పుడు పెరుగు లోపలికి తెమ్మన్నాను. ఖాళీ ప్రమిద చూసి, "దీపం ఆరిపోయిందా పంతులూ?" అన్నది. "దాని నూనె తినేవాళ్ళు వచ్చారు. రేపు గంగవాయిలి కూర తీసుకొని రా. మురుగుకాలువ గట్టుది కాదు, చేనుది" అన్నాను. "గిప్పుడు తెలివొచ్చిందా? మరి కల్లు?" అన్నది. ఆ మాటకు మాత్రం తలుపు వేశాను.

డాక్టరమ్మ దగ్గరకు కూడా వెళ్ళాను. "ఆ ఆమ్లాల సంగతి మళ్ళీ చెప్పండమ్మా, ఈసారి వింటాను" అన్నాను. చెప్పింది. పిల్ల కడుపులో ఉన్నప్పుడు అందవలసినదంతా ఇప్పుడు అందించగలమో లేదో తనకూ తెలియదన్నది. తల్లి పాల వెంట ఎంత వెళితే అంత మేలన్నది. అబద్ధపు ధైర్యం చెప్పలేదు. అందుకు ఆమెమీద కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది. ఈ వారం తూచినప్పుడు త్రాసు ముల్లు కొంచెం జరిగింది. కొంచెమే. నిన్న తెల్లవారుజామున పిల్ల గొంతెత్తి ఏడ్చింది. ఇల్లంతా లేచాము. ఎవరమూ ఊరుకోబెట్టలేదు, కాసేపు వింటూ కూర్చున్నాము.

నీ మీద నా కోపం పోలేదు. పదో రోజున నేను చెయ్యి ఊపితే నువ్వు వెళ్ళిపోవడమేమిటి? నా చేతిలోని పుస్తకం లాగి పారెయ్యవలసింది. ఇంత నోరు ఉన్నదానవు, ఆ రోజు ఎక్కడ పెట్టావు? వచ్చినప్పుడు ముఖాముఖి తేల్చుకుందాం. నా ఇంటికి రానన్నావు. నీ కూతురి గదికి దారి నా వాకిట్లోంచే, వేరే తోవ లేదు.

నూనె అయిపోయింది. ఖాళీ డబ్బా కడిగి, ఎండబెట్టి శ్రీనివాసరావుకు ఇచ్చి పంపుతున్నాను. గానుగ దగ్గర నువ్వే నిలబడి నింపించు. మూత మీద "తినడానికి" అని పెద్ద అక్షరాలతో వ్రాయించు. మా ఇంట్లో ఒక పండితుడు ఉన్నాడు.

నీ అన్న
రామబ్రహ్మం